బండి ఐబ్, మన ఐబ్



పోయిన రంజాన్ ఈద్ రోజు మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. నమాజ్ అయ్యాక నర్సరావుపేటలో ఉన్న మా ఫూఫీ ఇంటికి బయల్దేరాం. నేను, బేగం, ముగ్గురు పిల్లలు, అమ్మీ. గుంటూరు బస్టాండు దాకా రెండు ఆటోలు, అక్కణ్ణుంచి బస్సు, దిగాక మళ్ళీ ఆటో. బస్సు మెట్టు ఎత్తు. అమ్మీ మోకాళ్ళు అరిగిపోయి నాలుగేళ్ళయింది. ఒక కాలు పైన పెట్టింది, రెండో కాలు లేవలేదు. వెనక జనం తోస్తున్నారు. కండక్టరు "త్వరగా ఎక్కండమ్మా" అంటున్నాడు. నేను చంకల కింద చేతులు పెట్టి పైకెత్తాను. సీట్లో కూర్చున్నాక అమ్మీ ఎవరితోనూ మాట్లాడలేదు. బుర్ఖా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక్క మాట అంది: "అగ్లీ ఈద్‌కు నేను ఇంట్లోనే ఉంటా బేటా. మీరు వెళ్ళి రండి."

ఆ రాత్రే కారు కొనాలని నియ్యత్ చేసుకున్నాను. కొత్తది కాదు, మన హైసియత్ అది కాదు. సెకండ్ హ్యాండ్ బండి. చెడిపోయి రోడ్డు మీద నిలబెట్టకుండా అమ్మీని ఎక్కించుకుని దించే బండి.

ముందు పైసల సంగతి. ఈ రోజుల్లో లోన్ దొరకడం పెద్ద పని కాదు, ఫోన్లోనే ఇస్తామంటున్నారు. ఆ మాట ఇంట్లో ఎత్తగానే అమ్మీ అడ్డం తిరిగింది. "సూద్ కా పైసా నక్కో. నా మోకాళ్ళ కోసం సూద్ తెస్తే ఆ బండి నేను ఎక్కను." నేనేం గొప్ప ముత్తఖీని కాదు, ముందే ఒప్పుకుంటున్నాను. పదకొండేళ్ళ కింద మోటార్‌సైకిల్ కిస్తీల మీదే కొన్నాను, వడ్డీ కట్టాను. కానీ ఎవరి కోసం కొంటున్నానో ఆ మనిషే ఎక్కనంటే ఇంక ఏం కొంటాం?

బేగం వాళ్ళు ఇరవై మంది ఆడవాళ్ళు ఒక కమిటీ నడుపుతారు. పాట ఉండదు, కసర ఉండదు. నెలకు తలా పది వేలు వేసి, పేర్ల చీటీలు తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళకు ఆ నెల రెండు లక్షలు. మాకు పదకొండో నెలలో వచ్చింది. నా దగ్గర జమ అయింది తొంభై వేలు. బడే భాయ్ అరవై వేలు ఖర్జె హసనా ఇచ్చారు. సొంత తమ్ముడికే అయినా కాగితం రాయించి, ఇద్దరు గవాహీల సంతకాలు పెట్టించారు. మొదట నాకు కొంచెం మనసు నొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఖురాన్ మొత్తంలో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరె బఖరాలో ఉన్న అప్పు రాసుకోవాలనే ఆయతే కదా. భాయ్ నన్ను నమ్మక రాయించలేదు, రిష్తా చెడకూడదని రాయించారు. మొదటి కిస్తీ బక్రీద్ లోపల పాతిక వేలు ఇస్తానని నేను వాదా చేశాను. ఈ పాతిక వేలు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మొత్తం మూడున్నర లక్షలు. మా మొహల్లాలో ముప్పై ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్ ఒకాయన ఉన్నారు, అందరం ఉస్తాద్ అంటాం. మష్వరాకి వెళ్తే ఆయన బండ్ల పేర్లు చెప్పలేదు. మూడు సవాళ్ళు వేశారు. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావు? ఎవరు ఎక్కుతారు? చేతిలో ఉన్నదంతా బండికే పెడతావా, కొంత దాచుకుంటావా?

నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లు దాటదన్నాను. "అయితే డీజిల్ జోలికి పోకు" అన్నారు. పాత డీజిల్ బండిలో ఇంజెక్టర్లో టర్బోనో పోతే, మైలేజీలో మిగిలే డబ్బు అయిదేళ్ళు కూడబెట్టినా ఆ ఖర్చుకు చాలదట. మావాడు, పెద్దోడు, పదో తరగతి, డీజిల్ స్విఫ్ట్ అని కలలు కంటున్నాడు. మారుతీ వాళ్ళు 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చినప్పుడు డీజిల్ బండ్లు తయారు చేయడమే మానేశారని ఉస్తాద్ చెప్పగానే వాడి ముఖం చిన్నబోయింది.

అమ్మీ మోకాళ్ళ సంగతి చెప్పాను. ఆయన లేచి షెడ్డులో ఉన్న రెండు బండ్ల డోర్లు తెరిచి నన్ను కూర్చోమన్నారు. ఆల్టోలో కూర్చోవాలంటే గుంతలోకి దిగినట్టుంది, లేవాలంటే మోకాలి మీద బరువు వేయాలి. వ్యాగనార్‌లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాను, కుర్చీలోంచి లేచినట్టు లేచాను. "ఇదే నీ బండి" అన్నారు. ఇంజన్ వెయ్యి సీసీకి రెండు తక్కువ, మూడు సిలిండర్లు, టైమింగ్ బెల్టు కాకుండా చైను ఉంటుంది కాబట్టి ఇన్ని వేల కిలోమీటర్లకని బెల్టు మార్చే ఖర్చు లేదు. సామాన్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. మందలపల్లి పోయినా, మాచర్ల పోయినా బాగుచేసేవాడుంటాడు. అమ్మీ ముందు సీట్లో కూర్చుంటుంది గనక రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న రకమే చూడమన్నారు. 2019 జూలైకి ముందు బండ్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగు కూడా తప్పనిసరి కాదు, డబ్బు పెట్టినవాళ్ళు మాత్రమే పెట్టించుకున్నారు. అందుకే బండి కొత్తగా కనిపిస్తోందని మురిసిపోకుండా స్టీరింగ్ మీద, డ్యాష్‌బోర్డు మీద ఆ అక్షరాలున్నాయో లేదో చూడాలి.

ఇక మూడో సవాలు. "నలభై వేలు పక్కన పెట్టుకో. నీ బండి రేటు మూడు లక్షల పదివేలు, అంతే. కొన్న నెలలో టైర్లు అడుగుతుంది, బ్యాటరీ అడుగుతుంది, బీమా అడుగుతుంది. ఇవ్వలేకపోతే బండి తప్పు కాదు, నీ తప్పు."

మొదట చూసింది గుంటూరులోనే ఒక సెడాన్. మెరిసిపోతోంది. మీటర్లో 58 వేలే. ఉస్తాద్ మీటరు చూడనే లేదు. కింద కూర్చుని బ్రేకు పెడల్ రబ్బరు చూశారు, నున్నగా అరిగిపోయి ఉంది. వెనక డోర్ల రబ్బర్లు ముందు డోర్లకన్నా ఎక్కువ నలిగి ఉన్నాయి. "సొంత బండికి ముందు డోరు అరుగుతుంది, ట్యాక్సీకి వెనక డోరు అరుగుతుంది" అన్నారు. పసుపు ప్లేటు బండిని తెల్ల ప్లేటుకు మార్పించారన్నమాట. అలా మార్పించడం తప్పేమీ కాదు, చెప్పకపోవడం తప్పు.

రెండోది ఒక బేపారీ దగ్గర. మేం వెళ్ళేసరికి ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచాడు. ఉస్తాద్ బానెట్ మీద అరచెయ్యి పెట్టి "రేపు ఫజర్ తర్వాత వస్తాం, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దు" అన్నారు. మర్నాడు చల్లటి ఇంజన్ తిప్పితే సైలెన్సర్ నుంచి నీలం పొగ వచ్చింది. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిలు తాగుతోందని. తెల్ల పొగ ఆగకుండా వస్తూ ఉంటే కూలెంట్ లోపలికి పోతోందని. ఆయిలు పోసే మూత తీస్తే లోపల మీగడలా తెల్లగా కనిపిస్తే ఇంక బేరం కూడా ఆడొద్దు, ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయి. ఇవన్నీ మావాడు నోటుబుక్కులో రాసుకున్నాడు. పరీక్షలకు కూడా అలా రాసుకోలేదు.

మూడో బండి గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

బెజవాడలో ఉంది. 2018 వ్యాగనార్, రెండు ఎయిర్‌బ్యాగులు, 49 వేల కిలోమీటర్లు, సింగిల్ ఓనర్. రేటు రెండు లక్షల నలభై వేలు. బజారు రేటు కంటే డెబ్భై వేలన్నా తక్కువ. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు. ఆ డెబ్భై వేలతో భాయ్ అప్పు మొత్తం తీర్చేయొచ్చని లెక్కలు వేసుకున్నాను. ఉస్తాద్ మాత్రం దారిలో ఒక్కసారి అడిగారు: "ఎవరికీ పిచ్చి పట్టకుండా డెబ్భై వేలు ఎందుకు వదులుకుంటారు?"

ఇల్లు సింగ్‌నగర్ వైపు. ఆ మాట వినగానే నాకు తట్టాల్సింది, తట్టలేదు. అత్యాశ ఉన్నచోట అఖల్ పనిచేయదు. ఇంటాయన నా వయసువాడే. "ఆయియే భాయ్‌జాన్" అని లోపల కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. వాళ్ళమ్మ మంచం మీద తస్బీహ్ తిప్పుతోంది, మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని. అచ్చం మా అమ్మీలాగే. జొహర్ నమాజ్ ఆయనతోపాటే పక్క మస్జిద్‌లో చదివాం. బండి ఎలా ఉందంటే, "మాషా అల్లాహ్, ఏ ప్రాబ్లమూ లేదు. ఇంట్లో జరూరత్ ఉండి అమ్ముతున్నా" అన్నారు.

బండి బాగుంది. సీట్ కవర్లు కొత్తవి, కింద మ్యాటు కొత్తది, లోపల అత్తరు వాసన. ఇంజన్ చప్పుడు కూడా బాగుంది. నేను జేబులో ఉన్న అడ్వాన్సు డబ్బు తడుముకుంటున్నాను. ఉస్తాద్ డ్రైవర్ సీటు పక్కన నిలబడి సీటు బెల్టు పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. మనం మామూలుగా భుజం దాకా లాగుతాం. ఆయన ఇంకా లాగారు. చివరిదాకా లాగారు. చివర జానెడు మేర బెల్టు రంగు మారి ఉంది. వేలితో గీరితే సన్నటి మట్టి రాలింది.

ఎవరం మాట్లాడలేదు. ఆయన సీటు ముందుకు జరిపి కింద చూశారు, పట్టాల మీద తుప్పు. డిక్కీలో స్టెప్నీ తీశారు, ఆ గుంతలో ఎండిపోయిన ఒండ్రు. మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

2024 సెప్టెంబర్ ఒకటో తారీఖు, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగిన రోజు. రోజుల తరబడి నీళ్ళు నిలిచిపోయాయి. మా మస్జిద్ నుంచి కూడా కుర్రాళ్ళు వండిన అన్నం పొట్లాలు తీసుకుని వెళ్ళారు. అప్పుడు నేను కూడా చందా వేశాను. ఆ నీళ్ళల్లో ఈ బండి కూడా ఉంది.

ఇంటాయన తల దించుకుని అన్నారు: "బారిష్ కా పానీ, భాయ్. నేనేం చేయను."

ఆ మాట వినగానే నా ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు మదరసాలో హజ్రత్ చెప్పిన కిస్సా గుర్తొచ్చింది. మీ అందరికీ తెలిసిందే. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో నడుస్తూ ఒక ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి చూశారు. పైన పొడి, లోపల తడి. ఇదేమిటని అడిగితే వాన పడిందని చెప్పాడు ఆ వ్యాపారి. తడిసిన గింజల్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. దగా చేసేవాడు తనవాడు కాడని చెప్పారు. వాన పడటం ఆ వ్యాపారి గునాహ్ కాదు. తడిసిన ధాన్యం అమ్మడం కూడా గునాహ్ కాదు. పొడి గింజల కింద దాచడమే గునాహ్.

నేను కోపంగా ఏదో అనబోయాను. ఉస్తాద్ నా భుజం మీద చెయ్యి వేసి ఆపారు. ఆయన అడగకుండానే ఇంటాయన చెప్పుకున్నారు. బీమా ఉంది కానీ థర్డ్ పార్టీ మాత్రమే. ఖర్చు తగ్గుతుందని ఆ ఏడాది సొంత డ్యామేజీ పాలసీ కట్టలేదు. థర్డ్ పార్టీలో వరద నష్టానికి పైసా రాదు. ఫ్రిజ్, మంచాలు, బియ్యం, కూతురి పుస్తకాలు, అన్నీ పోయాయి. బండి బాగుచేయించడానికి ఎనభై వేలు అయింది. అది కూడా అప్పే. "అసలు సంగతి చెబితే లక్ష కూడా ఇవ్వరు భాయ్" అన్నారు. లోపల్నుంచి వాళ్ళమ్మ "క్యా హువా రే" అని పిలుస్తోంది. ఆయన జవాబు చెప్పలేదు.

ఉస్తాద్ మెల్లగా అన్నారు: "చెప్పి అమ్మండి. మాలాంటి మెకానిక్‌లే కొంటారు, వైరింగ్ మార్చుకుంటారు. తక్కువొస్తుంది, వచ్చినది మాత్రం మీ దగ్గర నిలుస్తుంది." ఆయన తలూపారు. చేశారో లేదో నాకు తెలియదు. తిరుగు దారిలో ఉస్తాద్ చెప్పారు: మునిగిన బండి ఇంజన్‌ని బాగుచేయొచ్చు, వైర్ల కనెక్టర్లు మాత్రం లోపల్లోపల పచ్చగా చిలుం పట్టి ఆరు నెలలకో ఏడాదికో బయటపడతాయి. ఎయిర్‌బ్యాగు తెరుచుకోవాల్సిన రోజు తెరుచుకుంటుందని ఎవరూ జమానత్ ఇవ్వలేరు. అమ్మీ కూర్చునే సీటు అది.

నిజం చెప్పాలంటే నేను ఆ రోజు ఇంటికి ఒక గర్వంతో వచ్చాను. దగాలో పడలేదు, అల్హమ్దులిల్లాహ్ అని అందరికీ చెప్పాను. నమాజ్ పక్కనే చదివి అబద్ధం ఎలా చెప్పాడో అని బేగంతో రెండుసార్లు అన్నాను.

నెల తర్వాత తెనాలిలో దొరికింది బండి. రిటైర్డ్ మాస్టారు ఒకరు, హిందూ సోదరులు. 2017 మోడల్, 61 వేలు తిరిగింది. కంపెనీ వర్క్‌షాపు బిల్లులు మొదటి సర్వీసు నుంచి ఫైలులో వరసగా పెట్టారు, మీటరు తిప్పలేదని వేరే సాక్ష్యం అక్కర్లేదు. మేం అడగకముందే, "ఎడమ పక్క వెనక డోరు ఒకసారి స్తంభానికి రాసుకుంది, పెయింటు వేయించాను. ఏసీ ఎండాకాలం కొంచెం నెమ్మది" అన్నారు. ఉస్తాద్ నా వైపు చూసి నవ్వారు. రెండు లక్షల తొంభై అయిదు వేలకు కుదిరింది.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, మనవాళ్ళు ఇక్కడే ఎక్కువ మోసపోతారు. డబ్బు ఇవ్వకముందే ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూశాం. ఎన్నో ఓనరు, అప్పు మీద ఉందా, బీమా ఎప్పటిదాకా, అన్నీ వస్తాయి. లోన్ తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటే, ఫారం 35, బ్యాంకు ఎన్‌వోసీ తెచ్చి తీయించాకే కొనాలి. చలాన్లు ఎన్ని ఉన్నాయో చూసి అమ్మేవాళ్ళతోనే కట్టించాలి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30. అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. బీమా కూడా 14 రోజుల్లో మన పేరుకు మార్పించుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మనకు రాదు. "మనవాడే కదా, పేరు తర్వాత మార్చుకుంటాడులే" అని బండి ఇచ్చేయకండి. ఆర్సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంటు నష్టపరిహారం జిమ్మేదారీ వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. తెలంగాణ బండి చవగ్గా ఉందని తెచ్చుకునేవాళ్ళు ఎన్‌వోసీ, ఇక్కడ మళ్ళీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ లెక్క వేసుకుని బేరమాడాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైరుని నమ్మొద్దు. మాకు నాలుగూ మార్చాల్సి వచ్చింది. ఉస్తాద్ పక్కన పెట్టించిన డబ్బు టైర్లకు, బ్యాటరీకి, బీమాకు సరిపోయింది.

ఇక నా ఇమ్తిహాన్.

కారు వచ్చాక పాత మోటార్‌సైకిల్ అమ్మకానికి పెట్టాను. ఆఫీసుకు బస్సులో వెళ్తే సరిపోతుంది, బండి డబ్బుతో భాయ్ కిస్తీ కట్టేయొచ్చు. ఇరవై ఎనిమిది వేలకు ఒక కుర్రాడు ఒప్పుకున్నాడు. ఇళ్ళకు బిర్యానీ పార్సిళ్ళు మోసే అబ్బాయి, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. వీధి చివరిదాకా నడిపి చూసుకుని వచ్చాడు. ఆ బండికి ఒక ఐబ్ ఉంది. ఇంజన్ బాగా వేడెక్కాక, అంటే అరగంట నడిపాక, రెండో గేరు జారుతుంది. వీధి చివరిదాకా వెళ్ళొస్తే తెలియదు.

"ప్రాబ్లమ్ ఏం లేదు కదా అన్నా?" అని అడిగాడు.

నా నాలుక మీదికి "ఏం లేదు తమ్ముడూ" అనే మాట వచ్చేసింది. అల్లాహ్ గవాహ్, నోరు కూడా తెరిచాను. పాతిక వేల వాదా కళ్ళ ముందు ఉంది. సెకండ్ హ్యాండ్ అన్నాక చూసుకోవాల్సింది కొనేవాడేగా అని కూడా లోపల ఎవరో అన్నారు. పక్కన మావాడు నిలబడి ఉన్నాడు. వాడేమీ అనలేదు. బండి సీటు కింద వైపు చూస్తున్నాడు, అంతే. కానీ నాకు సీటు బెల్టు చివర మట్టి కనిపించింది. ఆయనకు ఇల్లంతా మునిగింది. నాకు ఏం మునిగిందని?

"రెండో గేరు జారుతుంది తమ్ముడూ. వేడెక్కాక. బాగుచేయిస్తే అయిదారు వేలు అవుతుందని ఉస్తాద్ చెప్పారు" అన్నాను.

కుర్రాడు కాసేపు ఆలోచించి ఇరవై ఒక్క వేలు ఇస్తానన్నాడు. ఇచ్చేశాను. ఏడు వేలు పోయాయి. భాయ్‌కి ఇవ్వాల్సిన పాతికలో నాలుగు వేలు జీతంలోంచి వేశాను, ఆ నెల ఇంట్లో గోష్త్ వండింది రెండుసార్లే. బర్కత్ వచ్చి ఎక్కడి నుంచో ఆ ఏడు వేలు తిరిగి వచ్చిందని కథ చెప్పను. రాలేదు.

సింగ్‌నగర్ ఆయన గురించి నేను బేగంతో అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయన ఐబ్ నాకు కనిపించింది, ఉస్తాద్ చూపించారు కాబట్టి. నాది ఎవరికీ కనిపించకుండా ఉండేదే, కుర్రాడు అరగంట నడిపేదాకా. ఒకటి మాత్రం ఇప్పటికీ లోపల గుచ్చుతుంది. ఆయన ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. మునిగిన బండ్లు తెలిసి కొనే మెకానిక్‌లు ఆటోనగర్‌లో ఉస్తాద్‌కి తెలుసు. ఆ రోజే వాళ్ళలో ఒకరితో మాట్లాడించి ఉండాల్సింది. వరదలో అన్నం పొట్లాలకు చందా వేసినవాణ్ణి, ఆ ఒక్క ఫోను చేయలేదు. ఈ మధ్య చేస్తే నంబరు పనిచేయడం లేదు. ఆయన చెప్పి అమ్ముకుని ఉంటే అల్లాహ్ ఆయనకు ఇంకా మంచి బండి ఇవ్వాలి. చెప్పకుండా అమ్మి ఉంటే ఆ గునాహ్‌లో నా గఫ్లత్ వాటా ఎంతో అల్లాహ్‌కే తెలుసు.

బక్రీద్ రోజు ఫూఫీ ఇంటికి వెళ్ళాం. అమ్మీ ముందు డోరు తానే తెరుచుకుంది. ముందు కూర్చుని, తర్వాత ఒక్కో కాలు లోపల పెట్టుకుంది. ఎవరూ చెయ్యి వేయలేదు. "బిస్మిల్లాహ్" అని బెల్టు లాగి పెట్టుకుంది. చిలకలూరిపేట రోడ్డెక్కాక అడిగింది: "బేటా, ఈ బండిలో ఐబ్ ఏమైనా ఉందా?"

"ఏసీ కొంచెం నెమ్మది అమ్మీ. మాస్టారు ముందే చెప్పారు."

"అయితే అద్దం దించు" అంది.

బండి కొనబోయేవాళ్ళు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. అమ్మబోయేవాళ్ళు ఎవరూ లాగకముందే మీరే లాగి చూపించండి. దువాల్లో మమ్మల్ని యాద్ పెట్టుకోండి, ఆ సింగ్‌నగర్ కుటుంబాన్ని కూడా.

వస్సలాం.